పిట్టగోడ మీది సింహం

మొన్నామధ్య ఒకరోజు పొద్దున్నే, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మా ఆవిడ ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులని పక్క వీధిలో గుడికి కూడా ఆటో పిలిపించుకునే మనిషి. ఆవిడ వచ్చిన వేగం చూసి ఎవరో బాగా కావలసినవాళ్ళు పోయారేమో అనుకున్నాను. "ఏవండీ, మా అన్నయ్య చిలకలు!" అంది. ఫోనులో ఒక అమ్మాయి ఫిలింనగర్ గుట్ట మీది రాతి ఇంటిని చూపిస్తూ మాట్లాడుతోంది. ఆ ఇంటి గుమ్మం పైన సున్నంతో చేసిన తీగలు, తీగల మధ్య ఎదురెదురుగా రెండు చిలకలు. కెమెరా వాటి దగ్గర ఆగింది. మెడలు చూసింది, ఈకలు చూసింది, తీగ చివర మొగ్గ దగ్గర కూడా కాసేపు కూర్చుంది. ఆ చిలకలకి సరిగ్గా పైన, పిట్టగోడ మధ్యలో, నేను చేసిన సింహం ఉంటుంది. తల కాస్త ఎత్తితే చాలు, కనపడుతుంది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు, కెమెరా దించేసుకుని వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ వీడియోని మళ్ళీ మొదటినుంచి పెట్టింది. నా కాఫీ చల్లారిపోయింది.

సిగ్గెందుకు, చెప్పేస్తాను. మా బావంటే నాకు కుళ్ళు. మా ఆవిడకి అన్న, నాకు బావ, అంతకు ముందు నుంచే స్నేహితుడు. ఇద్దరం మద్రాసులో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరి, ప్లాస్టర్‌తో స్తంభాలూ విగ్రహాలూ పోతపోయడం ఒకే మేస్త్రి దగ్గర నేర్చుకున్నాం. పరిశ్రమ ఇటు తరలినప్పుడు దాని వెనకే సామాను సర్దుకుని వచ్చి యూసుఫ్‌గూడలో పక్క పక్క వాటాల్లో కిరాయికి దిగాం. ఒకే మట్టి, ఒకే అచ్చు, ఒకే బకెట్టు. అయినా అతను చేస్తే దేవకన్య అయ్యేది, నేను చేస్తే దేవకన్య వాళ్ళ మేనత్త అయ్యేది. చెల్లెల్ని నాకిచ్చి పెళ్ళి చేసింది కూడా అతనే కాబట్టి, నా జీవితంలో కుదురుగా ఉన్న ఒక్క విషయం కూడా అతని చలవే అని ఒప్పుకోక తప్పదు. అది కూడా ఒక కుళ్ళే. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఇంటి ముందు ముగ్గు వేస్తుంటే బాగుందని మెచ్చుకున్నాను. "మా అన్నయ్య చెయ్యి మీరు చూళ్ళేదేంటి, ఇంట్లో మాకందరికీ అంతో ఇంతో వచ్చింది" అంది. ఆ తరవాత ముగ్గుల జోలికి వెళ్ళలేదు నేను.

మా పనిలో మెచ్చుకోలు నోటితో రాదు. సెట్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు స్తంభం దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, వేలి కణుపుతో టక్‌టక్‌మని కొట్టి చూడాలి. రాయో కాదో అనుమానం తీరక కొట్టడం అన్నమాట. ఆ చప్పుడే మాకు శాలువా, అదే దండ. బావ స్తంభాలని లైట్‌మెన్ కొట్టారు, హీరోలు కొట్టారు, ఒకసారి ఫైనాన్షియర్‌గారి తల్లి కొట్టి, నమ్మకం కుదరక గోటితో గీకి కూడా చూసింది. కొట్టినప్పుడల్లా బావ ఏమీ ఎరగనట్టు అటు తిరిగి బీడీ వెలిగించుకునేవాడు. నా స్తంభాలకి మాత్రం జనం చొక్కాలు తగిలించేవాళ్ళు. ఇక ఆ కొట్టించుకున్న వైభవమైనా ఎంతసేపు? షూటింగ్ ఆఖరి రోజున గుమ్మడికాయ కొడతారు. కర్పూరం పొగ ఆరకముందే మేమే సుత్తులు పట్టుకుని మా కోటల్నీ గుళ్ళనీ జైళ్ళనీ పడగొట్టి లారీలకి ఎక్కించేవాళ్ళం. అందుకని మా ఇద్దరి చేతిపనీ ఈ భూమ్మీద ఇంకా నిలబడి ఉన్నదంటే ఆ రాతి ఇంటి మీదే. ఇంకెక్కడా లేదు.

ఇల్లంటే పెద్ద ఇల్లేమీ కాదు. రెండు గదులు, ముందు వరండా, వరండా కప్పు మీద పిట్టగోడ. జూబ్లీహిల్స్ అంతా బండలూ సీతాఫలం చెట్లూ తప్ప మరేమీ లేని కాలంలో, ఇక్కడివాళ్ళే, పండ్ల వ్యాపారం చేసుకునే కుటుంబం, కాయలు కాచే రోజుల్లో కాపలా ఉండటానికి కట్టుకున్నారట. రాయి ఆ గుట్టదే. గోడలు అడ్డంగా కొలిస్తే మూరెడు మందం. వేసవిలో లోపల అడుగు పెడితే ఒంటి మీద తడిగుడ్డ కప్పినట్టుండేది. తరవాత చెట్లు పోయాయి, రోడ్లు వచ్చాయి, మేమూ వచ్చాం. మేం వచ్చాక ఆ ఇంటికి పూనకం వచ్చినట్టయింది. ఈ వారం పోస్టాఫీసు, పై వారం పోలీస్ స్టేషన్, ఆ మీద పల్లెటూరి డాక్టరుగారి ఆస్పత్రి. పసుపు వేశాం, నీలం వేశాం, ఒకసారి దయ్యాల కొంప కావాలని మసి పూశాం. ఆ ఇంటావిడని అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. వరండా పక్కన మోడా వేసుకుని, నోట్లో వక్క నములుతూ అన్నీ చూస్తుండేది. కొత్త కంపెనీ వచ్చి సామాను దించగానే "గీసారి ఏం జేస్తుండ్రు బిడ్డా నా ఇంటిని?" అని అడిగేది. పోలీస్ స్టేషన్ అంటే "అయ్యో, మల్లనా? మా ఇంటికి ఒక్కపారి పెండ్లి చేయరాదుండ్రి" అనేది.

పెళ్ళిలాంటిదే ఒకసారి వచ్చింది. ఏదో జమీందారు కథ. ఆ రెండు గదుల్నే జమీందారు తాతగారు పుట్టిన ఇల్లుగా చూపించాలి. గుమ్మం పైన అలంకారం బావకి అప్పగించారు, పిట్టగోడ మీద వంశ చిహ్నంగా సింహం నాకు. ముసురు పట్టిన రోజులు. ప్లాస్టర్ తడిస్తే మెత్తబడుతుందని బావ ఎక్కడికో పోయి గానుగ సున్నం తెచ్చాడు. అందులో బెల్లం నీళ్ళు కలిపాడు, కరక్కాయ నీళ్ళు కలిపాడు, ప్రొడక్షన్ మేనేజర్ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా నిచ్చెన మీద కూర్చుని తాపీ మొనతో ఒక్కొక్క ఈకా దిద్దాడు. నాకు అంత ఓపిక లేదు. పైగా సింహం ఊడి హీరోయిన్ నెత్తిన పడుతుందేమోనని భయం. ఇనుప సలాకలు వంచి, లోపల గుచ్చి, సిమెంటు దట్టించి కూర్చోబెట్టాను. గట్టిగానే కూర్చుంది. మొహమే తేడా వచ్చింది. గర్జించాల్సింది పోయి, పంటి నొప్పితో రాత్రంతా మేలుకున్న మనిషిలా తయారైంది. చూడటానికి వచ్చిన మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "అచ్చం మా నాన్నగారే" అంది. బావ నిచ్చెన మీద నుంచి దిగేదాకా నవ్వాడు.

గుమ్మడికాయ కొట్టిన మర్నాడు సుత్తులతో వెళ్ళాం. పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆగుండ్రి, ఆగుండ్రి. గంత మంచిగున్నయి చిలకలు, గవ్విటిని ఎందుకు కొడ్తరు? ఉండనీయుండ్రి" అంది. మరి సింహమో అని నేనే అడిగాను. ఆవిడ తల పైకెత్తి చూసి, కాసేపు వక్క నమిలి, "గది గూడ ఉండనీ తియ్, తీస్తే గోడ వల్గుతది" అంది. బావ పని అందానికి మిగిలింది, నా పని గోడ పాడవకుండా మిగిలింది. ఆ తరవాతి ఆదివారం మరిచిపోయిన నిచ్చెన తెచ్చుకుందామని వెళితే పెద్దమ్మ ఇంటికి వాళ్ళ తోడికోడలు వచ్చి ఉంది. బంజారా హిల్స్‌లో టేకు తలుపుల పెద్ద బంగళా వాళ్ళది. ఆ తలుపుల సంగతి పెద్దమ్మ మాకు వక్క ఉమ్మేసి మరీ చెబుతుండేది. ఆవేళ తోడికోడల్ని గుమ్మం ముందు నిలబెట్టి, "మన మామోల్ల తాత చేయిచ్చిండు గివి. సున్నం పెచ్చుల కింద ఉండెనట, సిన్మోల్లు కడిగిపిచ్చిండ్రు, బయటవడ్డయ్" అంటోంది. తోడికోడలు ముఖం మాడ్చుకుని పైకి చూసి, మరి ఆ సింహం ఏంది అంది. "గదా? గది సిన్మోల్లు వెట్టిండ్రు" అంది పెద్దమ్మ, అసలు తడుముకోకుండా. నిచ్చెన భుజానేసుకుని వచ్చేశాను. ఆవిడ మీద కోపం రాలేదు. తోడికోడలి తలుపుల మీద కుళ్ళు ఎంతుంటే అంత అబద్ధం పుడుతుందని నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇంటికొచ్చి ఆ సంగతి బావకి చెప్పాను కూడా. పెద్దావిడ సరదా, పోనీలే అన్నాడు.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఇల్లు తాళం పడి ఉండిపోయింది. చుట్టూ కాఫీ షాపులూ, పెళ్ళి బట్టలు కుట్టే అద్దాల దుకాణాలూ లేచాయి. బావకి మాత్రం రెండు మూడు నెలలకొకసారి గాలి మళ్ళేది. "చిలకల్ని చూసొద్దాం రా బావా" అని స్కూటర్ వెనక ఎక్కించుకునేవాడు. చిలకల్ని చూసొద్దాం అనేవాడు గానీ ఏనాడూ సింహాన్ని చూసొద్దాం అనలేదు. ఇప్పుడు పెద్దమ్మ మనవరాలు ఆ ఇంటిని బాగుచేయిస్తోందట. వీడియోలో ఉన్నది ఆ అమ్మాయే. ఆదివారం పొద్దున ఇల్లు చూపించి చరిత్ర చెబుతుందనీ, ఎవరైనా రావచ్చనీ చివర్లో పిలుపు. మా ఆవిడ అప్పటికే అన్నయ్యకి ఫోను కలిపింది.

వెళ్ళాం. మేం ముగ్గురం కాక, నీళ్ళ సీసాలూ టోపీలూ పట్టుకుని ఇరవై ముప్ఫై మంది వచ్చారు. ఆ అమ్మాయి మంచి పిల్ల. గోడల్ని కడిగించి, మేం వేసిన రంగులన్నీ ఓపిగ్గా గీకించి రాయి బయటపెట్టింది. సీతాఫలాల కథ, గుట్ట కథ చక్కగా చెప్పింది, అన్నీ నిజాలే. గుమ్మం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించింది. "ఇది చూడండి. మా తాతల తాతల టైమ్ నాటి గచ్చు పని. ఈ ఈకలు చూసిండ్రా, ఒకటి లెక్క ఇంకోటి లేదు. చేసిన మేస్త్రి పేరు కూడా మాకు తెల్వదు. కానీ ఎంత ప్రేమతో చేసిండో!" అంది. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన ముందుకొచ్చి, వేలి కణుపుతో తీగ మీద టక్‌టక్‌మని కొట్టి చూశాడు. బావ అటు తిరిగాడు. బీడీలు డాక్టరు మాన్పించాడు కాబట్టి ఊరికే చొక్కా జేబు తడుముకున్నాడు. నాకు లోపల భగ్గుమంది. సినిమాలు పోయాయి, సెట్లు పోయాయి, మోకాళ్ళు పోయాయి, అయినా ఈయనకి టక్‌టక్ ఇంకా అందుతూనే ఉంది.

"పైన ఆ లయన్ ఉంది చూడండి" అందా అమ్మాయి. అందరూ తలలెత్తారు, అందరూ నవ్వారు. "అది మాత్రం ఒరిజినల్ కాదు. ఎప్పుడో షూటింగ్ కోసం సినిమావాళ్ళు పెట్టి వదిలేసి పోయిండ్రు, మా నానమ్మ చెప్పింది. బుధవారం తీయిస్తున్నం. అప్పుడు ఇల్లు మళ్ళ పాత ఇల్లు లెక్క అయితది." ఆ మాటకి నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అంకుల్, ఏమన్నా అంటున్నరా?" అని అడిగింది. మా ఆవిడ నా కాలు తొక్కింది. ఆవిడ తొక్కుడు సంగతి అలా ఉంచండి. నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. అమ్మా, ఆ మేస్త్రి తాతల తాతల నాటివాడు కాదు, నీ పక్కనే నిలబడి జేబు తడుముకుంటున్నాడు, ఇవీ సినిమావాళ్ళవే. అంతే. ఆ ముక్క అంటే బుధవారం వచ్చే సుత్తి నా సింహంతో ఆగదు, రెండు దెబ్బలు కిందికి కూడా పడతాయి. ఇన్నేళ్ళ లెక్క సమానమైపోతుంది. ఆశ లేదంటే అబద్ధం, చాలా గట్టిగా అనిపించింది. బావ నన్ను బతిమాలుతున్నట్టు కూడా చూడలేదు. చిలకల వంకే చూస్తున్నాడు, బస్సెక్కిన పిల్లల్ని చూసుకుంటున్నట్టు.

"ఏం లేదమ్మా. పని బాగుంది" అన్నాను. బావ పనిని బావ ఎదురుగా బాగుందనడం నా జన్మలో అదే మొదలు. అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. "ఆ సింహం కూడా పాతదేనేమో అనిపిస్తోందమ్మా, తీయకండి" అన్నాడు. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి మర్యాదగా నవ్వి "లేదంకుల్, నానమ్మ క్లియర్‌గా చెప్పింది" అంది. చూడండి నా ప్రాప్తం. ఆ గుమ్మం దగ్గర పెద్దమ్మ చెప్పిన చరిత్రలో అబద్ధం లేని ముక్క ఒక్కటే ఉంది, అది నా సింహం. నిజమైనందుకే పోతోంది.

వచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ ఆనందానికి హద్దు లేదు. ఇంటికి రాగానే అన్నయ్యకి సేమ్యా పాయసం చేసింది. నాకు షుగరని అరగ్లాసు పోసింది. సోమవారం కళ్ళజోడాయన టక్‌టక్ సంగతి వీధి వీధంతా తెలిసింది. మంగళవారం సాయంత్రానికి మాత్రం మా ఆవిడ వాళ్ళ వదినగారి ఇంటి నుంచి వచ్చి "అన్నయ్య అదోలా ఉన్నాడండీ. అన్నం కూడా కెలికి వదిలేశాడట" అంది. సంతోషం అరగడం లేదేమో అన్నాను. ఆవిడ నాకేసి చూసిన చూపు రాయడానికి బాగుండదు.

బుధవారం ఒక్కణ్ణే వెళదామనుకున్నాను. గేటు తీసేసరికి బావ నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ సంచి, సంచిలో గుమ్మడికాయ. "సెట్ తీస్తున్నారుగా బావా" అన్నాడు. ఆ కాయ అప్పుడే కొట్టేశాంగా అంటే "అది సినిమాకి. ఇది సింహానికి" అన్నాడు. మేం వెళ్ళేసరికి పనివాడు పిట్టగోడ ఎక్కి కొడుతున్నాడు. ఎంత కొట్టినా సింహం కదలడం లేదు. పొద్దెక్కింది. అతను చెమట తుడుచుకుని, "ఎవడు వెట్టిండో గాని సారూ, లోపల మొత్తం సలాకలే. గోడకే పుట్టినట్టున్నది. గిట్ల వెట్టినోన్ని నేనైతే సూడలే" అన్నాడు. నేను బావ వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. చివరికి ఒక చెవి పోయి, మిగతాది మొత్తంగా ఊడి, తాళ్ళతో దిగింది. కింద పెట్టాక చూస్తే, మా మామగారే.

బావ కర్పూరం వెలిగించి గుమ్మడికాయ కొట్టాడు. ఆ అమ్మాయి అయోమయంగా చూసి, "అంకుల్, ఎవరిది ఇది? మీకెందుకింత...?" అంది. "నాదేనమ్మా. నేనే చేశాను" అన్నాను. అనగలిగాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి "మీరా! సారీ అంకుల్, ముందే చెప్పొచ్చు గదా" అంటూ సింహం పక్కన నన్ను కూర్చోబెట్టి ఫొటోలు తీసింది. నా పేరడిగింది, ఊరడిగింది, ఏ సినిమాకి చేశారని అడిగింది. ఈ ఇంటి కథలో మీ పేరు కూడా రాస్తాను, సింహం బొమ్మ పెడతాను అంది. సింహాన్ని ఇంటికి తీసుకెళ్ళమంది. అంతసేపూ బావ తన చిలకల కింద, ఖాళీ గుడ్డ సంచి మడత పెట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సింహాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని, ఇద్దరం దాని పక్కనే కూర్చుని బయల్దేరాం. చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు బావ నోరు విప్పాడు. "నీది నీదని చెప్పుకున్నావు బావా. నాకు ఆ యోగం లేదు. పుట్టనే పుట్టని మేస్త్రి ఎవడో నా చిలకల్ని ఎత్తుకుపోయాడు. వాణ్ణి తలుచుకుంటే మూడు రోజుల్నుంచి ఒళ్ళు మండిపోతోంది" అన్నాడు. సింహం చెవి ఊడిన చోటు తడుముతూ, "నిన్ను చూసినా మండుతోందనుకో" అన్నాడు. బావకి నా మీద కుళ్ళు! మద్రాసు నుంచి నేను ఎదురుచూస్తున్న మాట. సిగ్నల్ మారి, కృష్ణానగర్ మలుపు తిరిగేదాకా ఆ మాటని చప్పరిస్తూ కూర్చున్నాను. మలుపు తిరిగాక ఎందుకో రుచి పోయింది. వెనక్కి వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పేద్దామా అన్నాను. బావ సింహం జూలు పట్టుకుని "వద్దు. చెబితే దించేస్తారు" అన్నాడు.

ఇప్పుడు సింహం మా వరండా మెట్టు పక్కన, మా ఆవిడ కనకాంబరాల కుండీకి ఆనుకుని ఉంది. ఆవిడ దానికి పొద్దున్నే రెండు చెంబుల నీళ్ళు పోసి తుడుస్తుంది, తండ్రి మొహమాయె. బావ సాయంత్రాలు వస్తాడు. టీ తాగుతాడు, చిలకల మాట ఎత్తడు, నేనూ ఎత్తను. వెళ్ళేటప్పుడు మాత్రం మెట్టు దిగుతూ దాని తల మీద వేలి కణుపుతో టక్‌టక్‌మని కొట్టి వెళతాడు. నా పనిని ఒకరు కొట్టి చూడటం అదే మొదలు, ఆ చెయ్యి బావది కావడం నా అదృష్టమో శిక్షో తెలియదు. నేను అటు తిరిగి జేబు తడుముకుంటాను. కాలం అతని పనిని ఉంచుకుని పేరు తీసేసింది, నా పేరు రాసుకుని పనిని దించేసింది, మా ఇద్దరిలో ఎవరి మీద ఎవరు కుళ్ళుకోవాలన్నది మాత్రం మాకే వదిలిపెట్టి తన దారిన తాను పోతోంది.